అరుగు మీద ఉపన్యాసం

ముందుచూపు బావ పుట్టకపోయి ఉంటే ఈ లోకానికి పెద్ద లోటేమీ ఉండేది కాదని అద్దాలాయన గట్టి నమ్మకం. మహా అయితే అక్కకి ఇంకో మొగుడు దొరికేవాడు. ఆ ఇంకో మొగుడు ఎంత వెర్రిబాగులవాడైనా, బావమరిది అరుగుని ఊరిపాలు మాత్రం చేసేవాడు కాదు.

బావకి ఆ పేరు వీధి పెట్టింది. కొలతల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. నోరు తెరిస్తే "ముందుచూపు ఉండాలోయ్" అనకుండా మూయడు. అలాంటివాడు సొంత ఇల్లు కట్టుకుంటూ మేడమెట్లు పెట్టడం మరిచిపోయాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో డాబా మీదికి నిచ్చెన వేసుకునే ఎక్కుతారు, అక్కతో సహా. అయినా సరే, చుట్టాల్లో ఎవరు ఏ గోడ లేపాలన్నా మొదటి సలహా ఆయనదే, మేస్త్రీది తర్వాత.

అద్దాలాయనకి ఆ పేరు చేసే పనిని బట్టి వచ్చింది. ఫోటోలకి ఫ్రేములు కడతాడు, కిటికీలకి అద్దాలు కోసి బిగిస్తాడు. ఆరో తరగతిలో లెక్కల మాస్టారు చెవి మెలిపెడితే ఆ చెవి పట్టుకునే ఇంటికొచ్చేసి, తండ్రి పక్కన చేరి పని నేర్చుకున్నాడు. దుకాణం తండ్రిదే. రైలుపెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ఒక గోడకి ఫ్రేము చెక్కలు, ఇంకో గోడకి నిలబెట్టిన అద్దం పలకలు, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడవాలి. పెద్ద పలక ఏదైనా లోపల పడుకోబెట్టారంటే, ఇక పీల్చిన ఊపిరి బయటికొచ్చి వదలాల్సిందే. అందుకే తండ్రి గుమ్మం ముందు అరుగు కట్టాడు. అరుగు మీద బల్ల, బల్ల మీద పాత దుప్పటి, దుప్పటి మీద అద్దం. వెలుతురుంటుంది, గాలి ఉంటుంది, దారినపోయేవాడు ఆగి చూసి తన పెళ్లిఫోటో సంగతి గుర్తుచేసుకుంటాడు. దుకాణానికి అన్నం పెట్టేది లోపలి గది కాదు, ఆ అరుగే.

ఆ అరుగు మీదే పడింది పురపాలక సంఘం కన్ను. కొత్త ప్రణాళికలో వీధి పొడుగునా ఒక ఎర్రగీత గీశారు. గీతకి అవతలున్నదంతా కాలిబాటకి కావాలన్నారు. చెప్పులషాపువాడి మెట్లు, దర్జీ రేకుపందిరి, మందులషాపు ర్యాంపు, అద్దాలాయన అరుగు, అన్నీ గీతకి అవతలే. "మా నాన్న కట్టిందండీ" అని అద్దాలాయన మూడుసార్లు ఆఫీసుకి వెళ్లి మొత్తుకున్నాడు. అక్కడున్నాయన ఒకసారి భోజనంలో ఉన్నాడు, ఒకసారి మీటింగులో ఉన్నాడు, మూడోసారి ఉన్నాడు కానీ వినే ఓపికలో లేడు. "ఉపన్యాసాలు అయ్యాక చూద్దాం," అని పంపేశాడు.

ఉపన్యాసాలంటే ఆ ఊళ్లో ఏటా మూడు రోజులు జరిగే సంబరం. నేల, రాబడి, ప్రణాళిక అని రోజుకొకటి. పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లు వస్తారు. టౌన్‌హాల్లో ఉచిత ప్రవేశం, మొదటి రోజు టీ కూడా ఉచితం, కాబట్టి మొదటి రోజు జనం ఎక్కువ. వీధిలోవాళ్లు దాన్ని మూణ్ణాళ్ల ముచ్చట అంటారు. అయితే మూడోరోజుని మాత్రం ఎవరూ ఎగతాళి చెయ్యరు. మూడోరోజు పొద్దున వక్త ఊళ్లో ఏదో ఒక వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడవాలి. సాయంత్రం ఆ వీధి గురించే మాట్లాడాలి. పురపాలక చైర్మన్‌గారు ముందువరసలో కూర్చుని వింటాడు. వక్త నోట ఏ మాట వస్తే దాన్ని నెల తిరక్కుండా చేసి చూపిస్తాడు. మరుసటేడు ఆ వక్త ఎక్కడో పేపర్లో ఊరిని మెచ్చుకుంటూ రాస్తే, దాన్ని అద్దాలాయన చేతే ఫ్రేము కట్టించి ఆఫీసులో తగిలించుకుంటాడు. కిందటేడు కూరగాయల సందులో నీడ లేదన్నారు, వానలకి ముందే రేకులు పడ్డాయి. అంతకుముందేడు బస్సు తిరగడానికి చోటు చాలడం లేదన్నారు, బస్‌స్టాప్ లేచిపోయింది. స్టాప్ పక్కన టీకొట్టువాడు ఇప్పుడు ఇంకెక్కడో వాచ్‌మన్‌గా ఉన్నాడు.

ఆ ఉపన్యాసాల కమిటీకి కార్యదర్శి ముందుచూపు బావ.

"ఈసారి మీ వీధేనోయ్!" అంటూ వచ్చాడు బావ, మూడోరోజుకి ముందురోజు మధ్యాహ్నం. "రేపు మాట్లాడే ప్రొఫెసరమ్మకి నేనే చెప్పాను, మా బావమరిది వీధి చూడండని."

అద్దాలాయన చేతిలో పలక కింద పెట్టాడు. "మంచిగా చెప్పావా, చెడుగా చెప్పావా?"

"చెప్పడమేంటోయ్, ఆవిడే చూస్తుంది. మెతకమనిషి. పేదవాళ్లంటే ప్రాణం. నీ అరుగు గురించి ఒక్క మంచిమాట ఆవిడ నోట పడితే, ఆ ఎర్రగీత ఎర్రగీతలాగే కాగితం మీద ఉండిపోతుంది."

"పడుతుందంటావా?"

"ఎందుకు పడదు? కాకపోతే ముందుచూపు ఉండాలి." బావ కళ్లజోడు పైకి తోసుకుని అరుగు చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు. "ఈ బల్లేంటి? ఈ గాజుముక్కల డబ్బాలేంటి? ఈ వేలాడే ఫ్రేములేంటి? చూసేవాళ్లకి ఇది అరుగులా ఉందా? వీడెవడో రోడ్డుమీదికొచ్చి కొట్టు పెట్టాడురా అనిపిస్తోంది. అవన్నీ తీసి లోపల పడెయ్. అరుగు శుభ్రంగా కడుగు. అప్పుడు ఆవిడకి ఏం కనిపిస్తుంది?"

"ఏం కనిపిస్తుంది?"

"పాతకాలపు అరుగు! ఇంటికి ముఖం లాంటి అరుగు! ఇలాంటివి కొట్టేయొద్దని ఆవిడే అంటుంది."

లోపలినుంచి అద్దాలాయన భార్య తల బయటపెట్టింది. "అన్నయ్యగారూ, ఇంతకుముందు మీరు చెప్పారనే కదా మా వంటింటి కిటికీ తూర్పుకి మార్చాం. ఇప్పుడు పక్కింటివాళ్ల గోడ తప్ప ఏమీ కనపడట్లేదు."

"గోడ తర్వాత కట్టారమ్మా. దానికి నేనేం చేసేది?"

"అదేగా ముందుచూపంటే," అని ఆవిడ తల లోపలికి లాక్కుంది.

భార్య మాట వినుంటే సరిపోయేది. కానీ ఆ మాట బావని దెప్పడానికే అంది కదా, వద్దని చెప్పలేదు కదా అని అద్దాలాయన తర్వాత్తర్వాత వాదించాడు. ఆ వాదన ఇంట్లో చెల్లలేదు.

మర్నాడు తెల్లారగానే ఫ్రేములు దింపారు, డబ్బాలు సర్దారు. అరుగుని ఆవిడ కొబ్బరిపీచుతో తోమి తోమి తండ్రి నాటి రంగు తేల్చింది. మిగిలింది బల్ల. తండ్రి చేయించిన మొండిబల్ల, కాళ్లు ఊడవు, పక్కకి వాలదు. మొగుడూ పెళ్లామూ చెరోవైపు పట్టుకుని నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా తిప్పారు. చివరికి గుమ్మంలోంచి లోపలికి వెళ్లింది కానీ, పూర్తిగా వెళ్లలేదు. అద్దం పలకలకి ఆనుకుని సగంలో బిగుసుకుంది. అద్దాలాయన లోపలివైపు ఉండిపోయాడు, ఆవిడ బయటుండిపోయింది.

"వెనక్కి లాగనా?" అంది ఆవిడ.

"లాగితే పలకలు పడతాయి. వాళ్లు వెళ్లాక చూద్దాం. నువ్వు ఇంటికెళ్లి మంచిచీర కట్టుకుని రా."

"నీకేం, బానే ఉన్నావు, బోనులో ఎలకలాగ," అని నవ్వుకుంటూ వెళ్లింది.

ఆ వెళ్లడమే కొంప ముంచింది. ఆవిడ ఉండి ఉంటే బావ నోటికి తాళం పడేది.

ప్రొఫెసరమ్మ నడక వీధి ఆ చివర మొదలైంది. ముందు ఆవిడ, పక్కన గొడుగు పట్టుకుని బావ, వెనక కమిటీవాళ్లు, చైర్మన్‌గారు, ఇంకా వెనక పనీపాటా లేనివాళ్లు. చెప్పులషాపువాడు ఎప్పటిలాగే మెట్లమీద డబ్బాలు పేర్చి, వాటిమీద చెప్పులు పేర్చి, ఆపైన తను కూర్చున్నాడు. ఏమీ తియ్యలేదు. దర్జీ పందిరి కింద మిషను టకటకలాడుతూనే ఉంది. "వెధవలు, ముందుచూపు లేదు," అనుకున్నాడు అద్దాలాయన బల్ల వెనకనుంచి. బావ మాట తన నోట వచ్చినందుకు కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

అప్పుడే ఒక ముసలావిడ, రెండు చేతుల్లో రెండు సంచులతో వస్తూ వస్తూ, తోమిన అరుగు చూసింది. సంచులు దింపి, చీరకుచ్చెళ్లు సర్దుకుని దర్జాగా కూర్చుంది.

"ఏమమ్మా, లే అమ్మా, పెద్దవాళ్లొస్తున్నారు," అన్నాడు అద్దాలాయన.

"రానీ నాయనా, నేనూ పెద్దదాన్నే," అందావిడ.

ప్రొఫెసరమ్మ సరిగ్గా అక్కడే ఆగింది. "అలసిపోయారా అమ్మా?"

"మోకాళ్లమ్మా. మార్కెట్టునుంచి ఇంటిదాకా ఎక్కడా కూలబడే చోటు లేదు. ఇవాళ ఎవరో పుణ్యాత్ముడు ఇక్కడ ఖాళీ చేసిపెట్టాడు."

ప్రొఫెసరమ్మ ముఖం విప్పారింది. "ఇక్కడ ఇంతకుముందు ఏముండేది?"

బావకి ఇక నోరు ఆగలేదు. చైర్మన్ వింటున్నాడు, కమిటీ వింటోంది, బావమరిది గొప్ప చెప్పుకుంటే అందులో తన వాటా కూడా ఉంటుంది. "బల్ల ఉండేది మేడమ్! దాని మీదే ఆయన పనంతా. మా బావమరిదే, సొంత బావమరిది. తనంతట తనే తీసేశాడు. ఎవరూ అడగలేదు!"

"ఎందుకు తీశారు?"

"అంటే... జనం కోసం మేడమ్. ఇంకెందుకు?"

ప్రొఫెసరమ్మ గుమ్మంలోకి వంగి చూసింది. బల్ల అంచు మీదుగా అద్దాలాయన తలా, రెండు చేతులూ మాత్రం కనిపించాయి. "మీరేనా అండీ?"

బయట మాటలు సగం వినపడి సగం వినపడక, అడిగింది తననే అని మాత్రం అర్థమై, అద్దాలాయన రెండు చేతులూ జోడించాడు. "నేనేనండీ. అంతా మీ దయ."

"మా దయ ఏముందండీ. మీది పెద్ద మనసు," అని ఆవిడ ముందుకి సాగింది.

పెద్ద మనసు! భార్య మంచిచీర కట్టుకుని వచ్చేసరికి అద్దాలాయన బోనులోనే ఈల వేస్తున్నాడు. "గెలిచేశామే. ఆవిడకి అరుగు తెగ నచ్చింది. బావని అనవసరంగా తిడతాం కానీ..." అని ఆ ఒక్కపూట బావ మీద ప్రేమ కూడా పుట్టింది. పలకలు ఒక్కొక్కటే పక్కకి జరిపి, బల్లని ఎలాగో బయటికి లాగి, సాయంత్రం టౌన్‌హాలుకి ఇద్దరూ కలిసి వెళ్లారు. వెనకవరసలో కూర్చునే అలవాటున్న మనిషి, ఆరోజు మధ్యవరసకి వెళ్లాడు.

ప్రొఫెసరమ్మ బాగా మాట్లాడుతుంది. నేలకి ధర ఎక్కడినుంచి వస్తుంది అని అడిగింది. ఎడారి మధ్యలో బంగారంలాంటి కొట్టు కట్టినా ఎవడు కొంటాడు? కొట్టు ముందునుంచి మనుషులు నడుస్తారు కనుకే కొట్టుకి విలువ. అంటే నడిచేవాళ్లు రోజూ ఊరికే విలువ పోసి వెళ్తున్నారు, వాళ్లకి మనం తిరిగి ఏమిస్తున్నాం? నిజమే కదా అనిపించింది అద్దాలాయనకి. పక్కవాడితో కలిసి తల కూడా ఊపాడు.

"ఇవాళ ఒక మనిషిని చూశాను," అందావిడ. "ఎవరూ అడక్కుండా, ఏ నోటీసూ రాకుండా, తన జాగా తనే ఖాళీ చేసి నడిచేవాళ్లకి వదిలేశాడు."

"ఎవడో వెర్రిపీనుగ," అన్నాడు అద్దాలాయన భార్య చెవిలో. "వాడి పెళ్లాం బిడ్డలు ఏమైపోవాలి?"

"ఆయన అద్దాలు కోస్తాడు," అందావిడ.

భార్య మెల్లిగా మొగుడి వైపు తిరిగింది. ఆ తిరగడంలో హాల్లో కరెంటు పోయినట్టయింది అద్దాలాయనకి. ఇంతలోనే "పైకి రావాలి, పైకి రావాలి!" అంటూ బావ వేదిక మీదనుంచి చేతులూపుతున్నాడు. జనం వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఎవరో భుజం పట్టి లేపారు.

"వెళ్లు," అంది భార్య పళ్ల బిగువున. "వెళ్లి ఇవ్వలేదని చెప్పు. తడబడ్డావో, ఇంటికి రాకు."

అద్దాలాయన చెప్పాలనే వెళ్లాడు. మైకు పట్టుకుంటే అది కీచుమంది. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటారే, ఆయన ఇంట్లో కూడా పిల్లే, కానీ ఆరోజు గొంతు సవరించుకున్నాడు. "ఆ అరుగు నాదేనండీ," అన్నాడు గట్టిగా. "రోడ్డుది కాదు. మా నాన్న కట్టింది."

హాలంతా చప్పట్లు. పక్కనే ప్రొఫెసరమ్మ, "చూశారా, ప్రభుత్వ స్థలం కూడా కాదు, సొంతది!" అంది. మళ్లీ చప్పట్లు.

"అది కాదండీ," అన్నాడు అద్దాలాయన. "ఆ అరుగు మీద బల్ల లేకపోతే నాకు పని జరగదు. లోపల ఊపిరాడదు. నా తిండే అదండీ!"

"అబ్బబ్బబ్బ!" అన్నాడు చైర్మన్‌గారు, నిలబడి మరీ. "నోటి దగ్గర కూడు!" ముందువరస మొత్తం లేచింది. ముందువరస లేస్తే వెనకవరసలు కూర్చోవు కదా. నిజం ఎంత చెబితే త్యాగం అంత పెరుగుతోంది. కుడితిలో పడ్డ ఎలుకలా అద్దాలాయన ఇటూ అటూ చూశాడు.

ప్రొఫెసరమ్మ తెలివైనది. ఏదో తేడా కనిపెట్టింది. చప్పట్లు ఆగేదాకా ఉండి, మైకుకి చెయ్యి అడ్డుపెట్టి, నెమ్మదిగా అడిగింది: "మీకు నిజంగా నష్టం కదండీ? ఇష్టం లేకపోతే చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు."

అదీ అవకాశం. బంగారంలాంటి అవకాశం. ఆవిడ తప్పు ఏమీ లేదని అద్దాలాయన కూడా ఒప్పుకుంటాడు. "నష్టమేనండీ," అన్నాడు. అంతవరకు బాగానే అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన కళ్లు మొదటివరస చివర కూర్చున్న అక్క మీద పడ్డాయి. అక్క కళ్లు తుడుచుకుంటోంది. తమ్ముడు బడి మానేసినరోజు కూడా ఇలాగే తుడుచుకుంది, కాకపోతే ఆరోజు ముఖం వేరు. ఈరోజు పక్కనున్నావిడకి వేలు పెట్టి చూపిస్తోంది, "మా తమ్ముడు" అని. ఎదురుగా రెండువందల మంది నిలబడి ఉన్నారు. ఆయన కోసం ఇంతకుముందు ఎవరైనా లేచి నిలబడ్డారంటే, అది బస్సులో దిగడానికి దారి ఇవ్వడానికే.

"నష్టమే. అయినా..." అన్నాడు.

ఆగాడు. మధ్యవరసలో భార్య తల అడ్డంగా ఊపుతోంది, ఎంత గట్టిగా అంటే చెవిదుద్దులు ఊగుతున్నాయి.

"అయినా ఫర్వాలేదండీ."

ఆ చప్పట్లు ఇదివరకటి వాటిలా లేవు. టౌన్‌హాలు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అవీ ఆయన బిగించినవే.

ప్రొఫెసరమ్మ ఉపన్యాసం ముగిస్తూ చివరిమాటగా, ప్రణాళిక పేరుతో ఎవరి జాగా బలవంతంగా లాక్కోవద్దని, ఇలా మనసారా ఇచ్చినవాళ్ల దగ్గరే తీసుకోవాలని చెప్పింది. చైర్మన్‌గారు అక్కడికక్కడే మైకు అందుకుని, ఎర్రగీత రద్దు, ఇచ్చినవాళ్ల జాగా తప్ప ఎవరిదీ ముట్టం అని ప్రకటించాడు. ఇచ్చినవాళ్లు ఎంతమంది? ఒక్కడు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ బావమరిది సొమ్ము బావ దానం చేశాడు, బావమరిది నోటితోనే.

ఇంటికెళ్లే దారంతా భార్య నాలుగడుగులు ముందే నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, "'అయినా' దాకా వచ్చినవాడివి, అక్కడే మూర్ఛపోయి ఉంటే సరిపోయేది. నీళ్లు చల్లి తీసుకొచ్చుకునేదాన్ని," అంది. ఇంట్లోకి మాత్రం రానిచ్చింది.

ఆ వారంలోనే పురపాలకంవాళ్లు వచ్చి అరుగుని కాలిబాటలో కలిపేశారు. నడిచేవాళ్లు కూర్చోవడానికి సిమెంటు బెంచీ ఒకటి దింపి బోల్టులు బిగించారు. చెప్పులషాపువాడు దాటివచ్చి చెయ్యి పట్టుకుని ఊపాడు. "అన్నా, మా అందరి మెట్లూ నీ ఒక్క అరుగు కాపాడింది. నీ ఇంటికి చెప్పులు కావాలంటే అడుగు, తగ్గించి ఇస్తాను." ఊరికే ఇస్తానని మాత్రం అనలేదు.

బెంచీ మీద ఇప్పుడు పొద్దున పేపరు చదివేవాళ్లు, మధ్యాహ్నం కునికేవాళ్లు, సాయంత్రం మోకాళ్లావిడ. లోపల పక్కకి తిరిగి నిలబడి, గోడకి ఆనించిన పలకని నిలువునా కోసుకుంటున్న అద్దాలాయనకి వాళ్లు సలహాలు కూడా ఇస్తున్నారు: కాస్త ఎడమకి పోయింది, చెయ్యి వణుకుతోంది, అంత తొందరేంటి అని. రెండు పలకలు చేతిలోనే పగిలాయి. పెద్ద అద్దాల బేరం పక్కవీధి వాడికి పోయింది.

బావ మాత్రం వస్తూనే ఉన్నాడు. వచ్చి ఆ బెంచీ మీదే కూర్చుంటాడు. "పరువు నిలబెట్టావోయ్. వచ్చే ఏడు కమిటీలో నీకో కుర్చీ వేయిస్తాను," అన్నాడు మొన్న.

"కుర్చీ ఎక్కడ వేస్తావు బావా? వేసుకునే జాగా ఇచ్చేశావుగా," అన్నాడు అద్దాలాయన, పలక వెనకనుంచి.

"ఎంత జాగాలే అది! పిడికెడు నేల. దానికింత ఏడుపా?"

అద్దాలాయన పలక గోడకి ఆనించి, గుమ్మంలోకి వచ్చి, కొలతల ఆఫీసులో జీతం తిన్న మనిషికి కొలత చెప్పాడు. పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు మూడున్నర. గజాల్లో అయితే, అంగుళం అటూ ఇటూ కాకుండా, మూడున్నర చదరపు గజాలు. ఇన్నేళ్లూ ఇల్లు గడిచింది ఆ పిడికెడు మీదే.